రిటైరయ్యాక మిగిలే ఏళ్ళు సరిపోతాయా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే దిగులు చుట్టూ తిరుగుతున్నాయి. అందుకని మిగతావి వచ్చే సంచికకి ఉంచి వీటికే చోటిస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నమస్కారం. మాది విజయవాడ సత్యనారాయణపురం. నీటిపారుదల శాఖ ఆఫీసులో సూపరింటెండెంట్‌గా చేస్తున్నాను, వచ్చే మే నెలాఖరుకి 62 నిండి రిటైరవుతాను. నేను ఉద్యోగంలో చేరినప్పుడు రిటైర్మెంట్ వయసు 58. 2014లో 60 చేశారు, 2022లో 62 చేశారు. రెండుసార్లూ ఇంట్లో అందరూ సంబరపడ్డారు, జీతం ఇంకొన్నాళ్ళు వస్తుంది కదా అని. నేనూ పైకి నవ్వాను గానీ లోపల మాత్రం నా నాలుగేళ్ళు ఎవరో పట్టుకుపోయినట్టే ఉంది. ఎందుకంటే 58 దాటాక చెయ్యాలని మూడు పనులు అనుకుని ఉన్నాను. చిన్నప్పుడు, కీర్తనలకి ముందు నేర్పే వర్ణాల దాకా వయొలిన్ నేర్చుకుని టెన్త్ క్లాసులో ఆపేశాను, అది మళ్ళీ మొదలెట్టాలి. కృష్ణానదిని మహాబలేశ్వరంలో పుట్టినచోటు నుంచి హంసలదీవిలో సముద్రంలో కలిసేదాకా చూడాలి. ముప్ఫై ఏళ్ళకి పైగా ఆ నది తాలూకు ఫైళ్ళు చూశాను గానీ నదిని చూడలేదండీ. మూడోది, మన కాలవల మీద పడవలు నడిచిన రోజుల గురించి ఒక పుస్తకం రాయాలి.

నాతోపాటు చేరిన మిత్రుడొకడు నాకంటే ముందు రిటైరయ్యాడు. ఊళ్ళో స్థలంలో ఇల్లేసుకుని మొక్కలు పెంచుకుంటానని ఏళ్ళ తరబడి చెప్పినవాడు, రెండేళ్ళు తిరక్కుండానే పోయాడు. అప్పట్నుంచి నాకు టెన్షన్ పట్టుకుంది. సగటు ఆయుష్షు 70 అంటున్నారు, అంటే నాకు మిగిలేది ఎనిమిదేళ్ళు. షుగరుంది, మోకాలి నొప్పుంది. ఇది చాలదన్నట్టు ఒక కాంట్రాక్టరు తన ఆఫీసులో కూర్చుని కాగితాలు చూస్తే నెలకి నలభై వేలిస్తానంటున్నాడు, పిల్లలు చేరమంటున్నారు. ఎనిమిదేళ్ళలో మూడు పనులు ఎలా అవుతాయి? అసలు ఈ వయసులో మొదలెట్టడమే దండగంటారా?
– పేరు వెయ్యొద్దు, విజయవాడ

జవాబు: ముందు ఆ లెక్క సరిచేద్దామండీ, మీ భయం సగం దాని మీదే నిలబడి ఉంది. 70 అనేది పుట్టిన బిడ్డకు కట్టే సగటు. అందులో పురిట్లో పోయిన పసివాళ్ళు, రోడ్డు ప్రమాదాల్లో పోయిన కుర్రాళ్ళు, నలభైల్లోనే గుండెపోటొచ్చి పోయినవాళ్ళు అందరూ కలిసి ఉంటారు. మీరు అవన్నీ దాటి వచ్చేశారు. 60 ఏళ్ళు నిండిన మనిషి మన దేశంలో సగటున ఇంకా 18 ఏళ్ళ దాకా బతుకుతున్నాడని ప్రభుత్వం వేసే ఆయుర్దాయ పట్టికలే చెబుతున్నాయి. కాబట్టి 70లోంచి 62 తీసేసి ఎనిమిది అనడం తప్పు లెక్క. పదిహేను, పదహారు అనుకోండి. సగటు అన్నది హామీ కాదు, మీ మిత్రుడి సంగతి చూశారు కదా, అయినా పథకం వేసుకునేటప్పుడు పదహారుకి వేసుకోవాలి గానీ ఎనిమిదికి కాదు.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి చెప్తాను. ఆ పదహారేళ్ళూ ఒకే రకంగా ఉండవు. 62లో ఎక్కగలిగిన మెట్లు 72లో ఎక్కలేరు. 65లో సన్నక్షరాలు చదివిన కళ్ళకి తర్వాత శుక్లం వస్తుంది. ఆపరేషన్ చేయించుకుంటే చూపొస్తుంది, నిజమే, కానీ వేళ్ళ బిగుతుకీ మోకాళ్ళకీ అంత తేలిక దారి లేదు. అందుకని ఎన్నేళ్ళున్నాయి అని లెక్కపెట్టుకుంటూ కూర్చునే కంటే, నా చేతిలోంచి ముందు జారిపోయేది ఏది అని అడగండి. ఆ వరసలో చెయ్యండి. మీకు ఏది ఎక్కువ ఇష్టం అన్న వరసలో వద్దు, ఏది తేలిక అన్న వరసలో అసలే వద్దు.

అలా చూస్తే మీ మూడింట్లో అన్నిటికంటే తొందరపడాల్సింది, మీరు ఆఖర్న రాసిన కాలవల పని. మీ ఆయుష్షు గురించి మీరు దిగులుపడుతున్నారు గానీ, ఈ పని మీ ఆయుష్షు మీద ఆధారపడి లేదండీ. కాలవల్లో బియ్యం బస్తాలతో, ఉప్పుతో పడవలు వెళ్తుంటే చూసినవాళ్ళు, గట్టు మీద నడుస్తూ తాడు లాగినవాళ్ళు, లాకుల దగ్గర తలుపులు తిప్పిన లస్కర్లు – ఆ రోజుల్లో పదీ పదిహేనేళ్ళ కుర్రాళ్ళుగా ఉన్నవాళ్ళకే ఇప్పుడు ఎనభై దగ్గర పడుతోంది. మీరు రిటైరయ్యి, పెన్షన్ కాగితాలు తేల్చుకుని, వయొలిన్ నేర్చుకుని, నది చూసొచ్చి తీరిగ్గా పుస్తకం మొదలెడదామనుకుంటే చెప్పేవాళ్ళు ఉండరు. కృష్ణ మీద 1855లో పూర్తయిన ఆనకట్ట గురించి కాగితాల్లో ఉంది, 1957లో తెరిచిన ప్రకాశం బ్యారేజీ గురించి బోలెడంత ఉంది, అవెక్కడికీ పోవు, మీరు 75వ ఏట కూర్చుని చదువుకున్నా అలాగే ఉంటాయి. బెజవాడ నుంచి బయల్దేరిన పడవ రాత్రి ఎక్కడ ఆగేది, వంట ఎవరు చేసేవాళ్ళు, లాకు దగ్గర ఎంతసేపు నిలబడాల్సి వచ్చేది, నీళ్ళు కట్టేసిన నెలల్లో ఆ పడవల వాళ్ళు ఏం తిన్నారు – ఇవి ఏ ఫైల్లోనూ దొరకవు.

ఇంకో సంగతి, రిటైరయ్యేలోపు మీకున్న ఒక సదుపాయం తర్వాత ఉండదు. పాత లస్కర్లు ఎవరు, ఏ ఊళ్ళో ఉన్నారు అన్నది మీ ఆఫీసులో నాలుగు ఫోన్లు చేస్తే తెలుస్తుంది. మే తర్వాత అదే ఆఫీసుకి వెళ్తే కొత్తవాళ్ళు మర్యాదగా కుర్చీ వేస్తారు, అంతకంటే జరగదు. కాబట్టి ఇప్పుడే, ఈ నెల్లోనే, ఆదివారం పూట దుగ్గిరాల లాకుల దాకా వెళ్ళండి. బందరు కాలవ వెంట, ఏలూరు కాలవ వెంట ఒక్కో ఊరు చూడండి. కొమ్మమూరు కాలవ మీదుగా బకింగ్‌హామ్ కాలవలోకి దిగి మద్రాసు దాకా పడవలు వెళ్ళేవని మీకు నేను చెప్పక్కర్లేదు, ఆ దారిలో వెళ్ళొచ్చిన మనిషి ఒక్కరు దొరికినా మీ పుస్తకానికి అది పెద్ద ఆస్తి. ఫోన్‌లో రికార్డు చెయ్యండి, వాళ్ళ పేరూ ఊరూ తేదీ ముందే మీ గొంతుతో చెప్పి మొదలెట్టండి, ఇంటికి రాగానే ఇంకో చోట కాపీ పెట్టుకోండి. ఇప్పట్లో పుస్తకం గురించి ఆలోచించకండి. పుస్తకం అనుకోగానే మొదటి వాక్యం ఎలా ఉండాలి, అచ్చు ఎవరు వేస్తారు, ఆవిష్కరణకి ఎవర్ని పిలవాలి అన్న గొడవలో పడి అసలు మనుషుల్ని కలవడం మానేస్తారు. నాకు తెలిసి చాలామంది పుస్తకాలు అక్కడే ఆగిపోయాయి. మాటలు పోగుచెయ్యండి చాలు. రాయడం, 1911 నుంచీ ఉన్న మన రామమోహన గ్రంథాలయంలో కూర్చుని పాతవి తిరగెయ్యడం, ఇదంతా మోకాళ్ళు మొరాయించాక చేసే పనే.

రెండోది వయొలిన్. ఇది రేపట్నుంచి. మీకు షుగర్ ఉందన్నారు కాబట్టే గట్టిగా చెప్తున్నాను. షుగర్ ఉన్నవాళ్ళకి భుజం పట్టెయ్యడం, వేళ్ళ కీళ్ళు బిగుసుకోవడం మిగతావాళ్ళ కంటే ఎక్కువ. వయొలిన్‌కి కావాల్సింది సరిగ్గా ఆ భుజమూ ఆ వేళ్ళే. ఆపేసి నలభై ఏళ్ళు దాటినా వర్ణాల దాకా వాయించిన చెయ్యి పూర్తిగా మర్చిపోదు, సరళీ వరసలూ జంట వరసలూ మళ్ళీ మొదట్నుంచి వాయిస్తే కొన్ని నెలల్లో దారిలోకి వస్తుంది. మొదట్లో అపస్వరాలు పలుకుతాయి, మీ చెవికి బాగా తెలుసు కాబట్టి మీకే ఎక్కువ బాధేస్తుంది. ఆ బాధకి ఆపెయ్యకండి. రోజూ అరగంట, ఆఫీసు నుంచి వచ్చి కాఫీ తాగాక, టీవీ పెట్టకముందు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోతే ఎత్తు తక్కువ పీట ఏదన్నా చూసుకోండి, మోకాలి నొప్పి సాకు కాకూడదు.

మీరున్న చోటు కూడా గుర్తుచేస్తాను. మీ పక్కనే దుర్గాపురంలో ఘంటసాల వేంకటేశ్వరరావు గారి పేరు మీద ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది, బాలమురళీకృష్ణ గారు మొదటి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన కళాశాల అది. వెళ్ళి అడగండి. అక్కడ కుదరకపోతే అక్కడ చదువుకున్నవాళ్ళే మీ వీధుల్లో పాఠాలు చెబుతుంటారు. బాలమురళి గారి గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు శిష్యుల్ని తయారుచేసిన ఊళ్ళో ఉంటూ గురువు దొరకలేదని మాత్రం అనకండి. కచేరీ చెయ్యాలన్న కోరిక ఉంటే దాన్ని తీసెయ్యండి, అది ఈ వయసులో బరువు. దాని బదులు పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనలో అందరూ కలిసి పంచరత్నాలు పాడుతుంటే, వెనక వరసలో కూర్చుని ఒక్క కీర్తనైనా తడబడకుండా వాయించాలి అనుకోండి. అది రెండు మూడేళ్ళలో అయ్యే పని, అయ్యాక కలిగే ఆనందం కూడా చిన్నది కాదు.

నది గురించి. ఒకే యాత్రగా పెట్టుకుంటే ఎప్పటికీ అవదు. దాదాపు 1,400 కిలోమీటర్ల నది, మూడు నాలుగు ముక్కలు చేసుకోండి. ఈ చివర్నుంచి మొదలెట్టండి. హంసలదీవి మీకు ఒక్క ఆదివారం పని, అవనిగడ్డ మీదుగా పొద్దున్నే బయల్దేరితే రాత్రికి ఇంట్లో ఉంటారు. అమరావతి ఒక పూట. ఎండాకాలంలో సంగమేశ్వరం పెట్టుకోండి, అక్కడ ఆలయం శ్రీశైలం జలాశయం నిండితే మునిగిపోతుంది, నీళ్ళు తగ్గితేనే బయటపడుతుంది, కాబట్టి ఆ ముక్కకి ఎండలు తప్పవు. అటు వెళ్ళినప్పుడే శ్రీశైలం, అలంపురం కూడా. పైభాగానికి వర్షాకాలంలో వెళ్ళకండి, మహాబలేశ్వరంలో ఆ నాలుగు నెలలూ కురిసే వానకి కళ్ళముందున్న కొండే కనపడదు. నవంబరు తర్వాత పాత మహాబలేశ్వరంలో పంచగంగ ఆలయం, కిందకి దిగితే వాయి ఘాట్లు, నర్సోబావాడి, కర్ణాటకలో మలప్రభ వచ్చి కలిసే కూడలసంగమం – ఇది పది రోజుల పని. దీనికి రిటైర్మెంట్ దాకా ఆగడం ఎందుకు? ఇన్నేళ్ళ సర్వీసుకి మీ ఈఎల్స్, అదే సంపాదిత సెలవులు, 300 నిండిపోయే ఉంటాయి. 300 దాటి జమయ్యేవి డబ్బుగానూ రావు, సెలవుగానూ మిగలవు. ఆ పోయే సెలవు పెట్టి మహాబలేశ్వరం వెళ్ళి రండి. మోకాలు ఇప్పుడున్నంత బాగా వచ్చే ఏడు ఉండకపోవచ్చు. మీ ఆవిడని కూడా అడగండి, ఉత్తరంలో ఆవిడ ప్రస్తావనే లేదు, ఆవిడకీ ఆ నది చూడాలని ఉందేమో.

కాంట్రాక్టరు గారి నలభై వేల సంగతి. అప్పులుంటే, పిల్ల పెళ్ళి ఉంటే చేరండి, అందులో తప్పులేదు, ఇంటి అవసరం తీరకుండా వయొలిన్ పట్టుకున్నా మనసు నిలవదు. కానీ పెన్షన్‌తో ఇల్లు గడుస్తుందంటే మాత్రం చేరకండి. పిల్లలు చేరమంటున్నది డబ్బు కోసమే కాకపోవచ్చు, నాన్న ఖాళీగా కూర్చుంటే దిగులుపడతాడేమోనని కూడా కావచ్చు. వాళ్ళకి మీ మూడు పనుల సంగతి ఎప్పుడైనా చెప్పారా? చెప్పి ఉండరని నా అనుమానం. మగవాళ్ళు ఇలాంటివి లోపలే దాచుకుంటారు. భోజనాల దగ్గర ఒకసారి నోరు తెరిచి చెప్పండి.

చివరగా మీ నాలుగేళ్ళు. అవి పోయాయన్న బాధని నేను తేలిక చెయ్యను. వయసు పెంచినప్పుడల్లా జీతం గురించే మాట్లాడారు, మీలాంటి మనిషికి పోయేదేమిటో ఎవరూ అడగలేదు. కానీ ఉద్యోగమూ ఇష్టమూ ఒకదాని తర్వాత ఒకటే రావాలని ఎక్కడా లేదండీ. శ్రీపాద పినాకపాణి గారు వృత్తికి డాక్టరు. కర్నూలు మెడికల్ కాలేజీలో పాఠాలు చెబుతూ, ఆసుపత్రి చూసుకుంటూనే సంగీతం సాధన చేశారు, శిష్యులకు చెప్పారు. నేదునూరి కృష్ణమూర్తి గారు, నూకల చిన సత్యనారాయణ గారు ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే. ఆయన 99 ఏళ్ళు బతికారు కదా అంటారేమో, కానీ సంగీతాన్ని రిటైరయ్యాక చూద్దామని ఆయన దాచిపెట్టలేదు, అది గమనించండి. మీకు మే దాకా ఇంకా నెలలున్నాయి. ఆ నెలల్ని ఆఫీసువి అనుకోకుండా మీవి కూడా అనుకుని వాడుకోండి.

ప్రశ్న: అక్కా, మా ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉండగా పొద్దున తొమ్మిదికి బాక్సు ఇచ్చి పంపిస్తే సాయంత్రం దాకా ఇల్లు నాది. ఇప్పుడు పదింటికి రెండో కాఫీ, మధ్యాహ్నం వేడివేడిగా భోజనం, నాలుగింటికి ఏదన్నా వేయించి పెట్టమంటారు. మంచి మనిషే, కోపిష్టి కాదు, కానీ ఆయన రిటైర్మెంటు నాకు డబుల్ డ్యూటీ అయింది. నాకిప్పుడు 58. ఇంటర్ పాసవగానే పెళ్ళి చేశారు. తెలుగు సాహిత్యం చదవాలని, డిగ్రీ చెయ్యాలని అప్పట్నుంచీ కోరిక, చిన్నప్పుడు కందపద్యాలు కూడా రాసేదాన్ని. వచ్చే ఏడు మా అమ్మాయి డెలివరీకి అమెరికా వెళ్ళాలి, ఆరు నెలలు అక్కడే. ఉద్యోగం చేసిన వాళ్ళకి ఒక తేదీ వస్తుంది, దండేసి పంపిస్తారు. మాకు ఆ తేదీ ఎప్పుడొస్తుంది అక్కా?
– ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రాదు చెల్లెమ్మా. ఎవరూ ఇవ్వరు. మీరే పెట్టుకోవాలి, పెట్టుకుని ఇంట్లో చెప్పాలి. ఈ మాట చెప్పడానికి నాకే మనసు ఒప్పట్లేదు, ఎందుకంటే నలభై ఏళ్ళు చాకిరీ చేసిన మనిషికి ఇంకో పని అప్పగిస్తున్నట్టు ఉంటుంది, కానీ వేరే దారి నాకు కనపడలేదు.

మీ ఆయన మంచి మనిషి అని మీరే రాశారు. అయితే ఆయనకి తెలియక అడుగుతున్నారు, మీరు మొహమాటపడి చేస్తున్నారు. బ్యాంకులో అంత పెద్ద లావాదేవీలు చూసిన మనిషికి పాలు కాచుకుని డికాక్షన్ కలుపుకోవడం రాకపోదు. పది నుంచి పన్నెండున్నర దాకా నేను చదువుకుంటాను, ఈ టైములో కాఫీ మీరే కలుపుకోండి, నాకూ ఒక కప్పు ఇవ్వండి అని నవ్వుతూనే చెప్పండి, చెప్పి నిజంగానే లేచి వెళ్ళి వేరే గదిలో కూర్చోండి. మొదటి వారం గిన్నెలు ఎక్కడున్నాయని నాలుగుసార్లు పిలుస్తారు. లేవకండి. కూర్చున్నచోటు నుంచే చెప్పండి. నాలుగింటి వేపుళ్ళు మానేస్తే ఇద్దరి ఆరోగ్యానికీ మంచిదే.

డిగ్రీకి వయసు అడ్డం కాదు. ఇగ్నోలో, అంటే ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో, ఇంట్లో ఉండే చదువుకునే బీఏ చేరడానికి పై వయసు పరిమితి లేదు, వాళ్ళ ప్రాంతీయ కేంద్రం విజయవాడలోనే ఉంది. మూడేళ్ళ కోర్సు, ఆరేళ్ళలో ఎప్పుడైనా పూర్తి చేసుకోవచ్చు, కాబట్టి అమెరికా వెళ్ళే ఆరు నెలలూ పరీక్షలు రాయకపోయినా కొంప మునగదు. అలాగే హైవే మీదున్న మన నాగార్జున యూనివర్సిటీ దూరవిద్యా కేంద్రంలో కూడా కనుక్కోండి, తెలుగులోనే చదువుకోవాలని మీ కోరిక కదా, చేరేముందు ఏ మీడియంలో పాఠాలు, పరీక్షలు ఎక్కడ అన్నది రెండు చోట్లా అడిగి తేల్చుకోండి.

అయితే ఒకటి ఆలోచించండి. మీక్కావాల్సింది డిగ్రీయా, సాహిత్యమా? రెండూ అయితే సరే. సాహిత్యం మాత్రమే అయితే, పరీక్షల కోసం ఇష్టం లేని సబ్జెక్టులు కూడా చదివే బదులు, రిటైరైన తెలుగు మేస్టారు ఎవరినన్నా పట్టుకుని వారానికి రెండు రోజులు పద్యకావ్యం పాఠం చెప్పించుకోండి. గుంటూరులో అలాంటి పండితులకు కొదవలేదు, పాఠం వినేవాళ్ళు దొరికితే వాళ్ళే సంతోషిస్తారు. కానీ చేతికి పట్టా రావాలి, నా పేరు పక్కన బీఏ అని ఉండాలి అని మీ మనసులో ఉంటే దాన్ని చిన్నతనంగా అనుకోకండి, అది కోరుకోవడానికి మీకు పూర్తి హక్కుంది.

అమ్మాయి డెలివరీకి వెళ్ళడం మానమని నేను చెప్పను, మీరూ మానరు. వెళ్ళేముందే అమ్మాయికి చెప్పండి, ఇంతకాలమే ఉంటాను, మళ్ళీ వచ్చి నా పరీక్షలు రాసుకోవాలి అని. పుస్తకాలు సూట్‌కేసులో పెట్టుకోండి, ఊరగాయ జాడీలు ఒకటి తగ్గినా ఫర్వాలేదు. మీ అమ్మాయి మీ చదువు సంగతి విని అడ్డం చెప్పదని నాకనిపిస్తోంది, ఆమె అడ్డం చెబుతుందేమోనన్న భయం మీదే.

ఇక కందపద్యాలు. ఇవాళ రాత్రి ఒకటి రాసి చూడండి. గణాలు కుదరకపోయినా సరే, నాకు పంపించండి.

ప్రశ్న: నేను బెంగళూరులో జాబ్ చేస్తున్నానండీ. మా నాన్నగారు గుంటూరు దగ్గర హైస్కూల్లో హెడ్మాస్టరు, ఈ జూన్‌లో రిటైరవుతున్నారు. ఆయన ఖాళీగా ఉంటే డల్ అయిపోతారేమోనని భయం. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ పోస్టు ఇప్పించి, బాబుని స్కూలుకి తీసుకెళ్ళి తీసుకొచ్చే పని అప్పగించి, బెంగళూరు తెచ్చేసుకుందామని మా ప్లాన్. వయసులో ఉండగా పద్యనాటకాలు ఆడేవారట, రాయబారం సీను పద్యాలు ఇప్పటికీ స్నానం చేసేటప్పుడు పాడతారు. మంచి గిఫ్ట్ ఏమివ్వాలో కూడా చెప్పండి.
– ఒక కొడుకు, బెంగళూరు

జవాబు: బాబూ, నాన్నగారి మీద ప్రేమతోనే ఇదంతా ఆలోచించారు, అందులో సందేహం లేదు. కానీ ఉత్తరం మొత్తంలో నాన్నగారిని అడిగాను అన్న మాట ఒక్కచోట కూడా లేదు. ఆయన చేతికి ఇన్నేళ్ళకి కొంత ఖాళీ వస్తోంది, ఆయన అందులో అడుగుపెట్టకముందే మీరు దాన్ని లిఫ్టు రిపేర్లతో, స్కూలు బస్సు టైమింగ్‌లతో నింపేస్తున్నారు. ఆయన నాటకం మనుషులు, ఆ పద్యం విని శభాష్ అనేవాళ్ళు గుంటూరు, తెనాలి చుట్టుపక్కలే ఉన్నారు. బెంగళూరు అపార్ట్‌మెంట్‌లో రాయబారం పద్యం ఎత్తుకుంటే కింది ఫ్లాట్ వాళ్ళు ఫోన్ చేస్తారు.

కొన్నాళ్ళు ఆయన్ని ఊళ్ళోనే ఉండనివ్వండి. పాత బృందంలో ఎవరెవరు ఉన్నారో కనుక్కోమనండి, వాళ్ళు మళ్ళీ కలిస్తే ఏదో ఒక ఉత్సవంలో ఒక సీనైనా వేస్తారు. పద్యానికి దమ్ము కావాలి, గొంతు కావాలి. అవి ఇప్పుడున్నంత పదేళ్ళ తర్వాత ఉండవు, అందుకని ముందు రెండు మూడేళ్ళు దానికే వదిలెయ్యండి. మనవడి మీద ముచ్చట ఉంటే వేసవి సెలవులకి మీరే బాబుని తీసుకుని గుంటూరు వెళ్ళండి, వాడికీ నాలుగు పద్యాలు వస్తాయి. ఆరోగ్యం చూపించడం, చెవి పరీక్ష, కళ్ళ పరీక్ష చేయించడం, ఇవి మాత్రం మీ బాధ్యత, ఆయన వద్దన్నా చెయ్యండి.

గిఫ్ట్ అడిగారు కాబట్టి, హార్మోనియం కొనివ్వండి. ఆన్‌లైన్‌లో మాత్రం ఆర్డర్ పెట్టకండి. ఆయన్ని వెంటబెట్టుకుని షాపుకి వెళ్ళండి, ఆయన గొంతుకి ఏ శ్రుతి సరిపోతుందో ఆయనే వాయించి, పాడి చూసుకుని ఎంచుకుంటారు. ఎంతసేపు పట్టినా తొందరపెట్టకండి.